బోటు పక్కనే ఉన్నా ఎక్కలేకపోతున్నారు

ఎడిటర్ గారికి నమస్కారం అండి.

మీ పేపర్ జిల్లా పేజీలో "వేటకు వెళ్ళి సముద్రంలో జారిపడి మత్స్యకారుడు గల్లంతు" అని వార్త వచ్చిన ప్రతిసారీ మా ఇంట్లో అది చదివి పేపర్ మడత పెట్టేసి కాసేపు ఎవరం మాట్లాడం. నాలుగు లైన్ల వార్త, ఊరి పేరు, వయసు, భార్యాపిల్లలు, మెరైన్ పోలీసులు కేసు నమోదు, అంతే. నేను భీమిలి వైపు తీరంలో పుట్టినవాణ్ణి, పద్దెనిమిదేళ్ళు వేటకి వెళ్ళాను, ఇప్పుడు రేవులోనే బోటు ఇంజన్లు బాగుచేస్తున్నాను, అప్పుడప్పుడు మా తమ్ముడితో ఇంకా వేటకి వెళ్తూనే ఉంటాను. ఆ వార్తలో రాయని సంగతి ఒకటి ఉందండి, అది చెప్పడానికే ఈ ఉత్తరం. కొంచెం పెద్దదైంది, కానీ కుదించకుండా వేయమని మనవి.

నీళ్ళలో పడ్డ మా వాళ్ళలో చాలామందికి ఈత వచ్చు. చిన్నప్పట్నుంచీ కెరటాల్లో ఆడినవాళ్ళకి ఈత రాకపోవడం ఏంటి. పడ్డాక బోటు కూడా ఎక్కడికో పోదు చాలాసార్లు, పక్కనే ఉంటుంది, చెయ్యి వేస్తే అందుతుంది. అయినా పైకి ఎక్కలేరు. అంచు పట్టుకుని వేలాడి వేలాడి చేతులు జారిపోతాయి. మునిగిపోయాడు అని మనం అంటాం, నిజానికి వాడు ఎక్కలేక పోయాడు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది, ఎందుకంటే ఎక్కలేకపోవడానికి మందు ఉంది, పెద్ద ఖర్చు కూడా కాదు.

నాకు జరిగింది చెప్తాను. కొన్నేళ్ళ కిందట కార్తీక మాసంలో తెల్లారుజామున నేనూ మా చిన్నాన్న కొడుకూ వల లాగుతున్నాం, పదిహేను బారల లోతు ఉంటుంది అక్కడ, సముద్రం కూడా పెద్దగా రేగి లేదు. ఇంజన్ ఆపేసి ఉంది, అదే మమ్మల్ని కాపాడింది. వల మీద కాలు పెట్టాను, తడి వల, చేపల జిగురు, ఒక చిన్న అల పక్క నుంచి తగిలింది, అంతే, వీపు మీదుగా వెళ్ళి నీళ్ళలో పడ్డాను. పడ్డప్పుడు భయం వేయలేదు, నవ్వొచ్చింది కూడా, తమ్ముడు కూడా నవ్వాడు. రెండు చేతులూ బోటు అంచు మీద వేసి ఒక్క ఊపు ఊపాను. గడ్డం వరకూ వచ్చాను అంతే, కాళ్ళు రెండూ బోటు కిందకి దూరిపోయాయి. ఇది అనుభవించినవాడికే తెలుస్తుంది, మనం నిలువుగా వేలాడుతుంటే కింద కాళ్ళకి ఆనడానికి ఏమీ ఉండదు, బోటు అడుగు లోపలికి వంగి ఉంటుంది కాబట్టి కాళ్ళు ముందుకి ఈడ్చుకుపోతాయి, అప్పుడు మన ఒళ్ళు మొత్తం వెనక్కి వాలిపోయి బరువంతా వేళ్ళ మీద పడుతుంది. మళ్ళీ ఊపాను, మళ్ళీ అదే. నాలుగోసారికి మోచేతుల్లో బలం పోయింది. ఫైబర్ అంచు గాజులా నున్నగా ఉంటుంది, దాని మీద చేపల జిగురు, వేళ్ళు ఒక్కొక్కటే జారడం నాకు కనబడుతోంది.

తమ్ముడు నవ్వడం మానేశాడు. వంగి నా చంకల కింద చేతులేసి లాగాడు. వాడు సన్నగా ఉంటాడు, నేను 80 కిలోలు, తడి బనీను, నిక్కరు, నీళ్ళలో ఉన్నంతసేపూ బరువు తెలీదు గానీ పైకి లేచే కొద్దీ బట్టల్లో నీళ్ళ బరువు కూడా కలుస్తుంది. వాడు నా వైపు వచ్చేసరికి బోటు మొత్తం ఇటే వాలింది, ఒక బిందెడు నీళ్ళు లోపలికి వచ్చాయి. ఇంకొంచెం లాగితే వాడు కూడా నీళ్ళలోకి వచ్చేవాడే, ఇద్దరం పడితే ఆ బోటులో ఎవరూ లేరు. రేయ్ వదిలేయ్, అటు వైపు కూర్చో అని అరిచాను. వాడు వదల్లేదు. వదలమని చెప్పడం ఎంత కష్టమో, వదలడం వాడికి ఎంత కష్టమో ఇప్పుడు తల్చుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

చివరికి ఎలా ఎక్కానంటే, లంగరు తాడుని బల్లకి కట్టి కొసకి ముడి వేసి ఉచ్చులాగా కిందకి వేయమన్నాను. వేశాడు. అది నీలం రంగు ప్లాస్టిక్ తాడు, అది నీళ్ళలో మునగదు, పైనే తేలుతుంది, పాదం పెట్టబోతే దొరకదు. దాన్ని చేత్తో పట్టుకుని కిందకి నొక్కి ఎలాగో పాదం పెట్టాను, పెట్టి లేవబోతే ఆ కాలు కూడా బోటు కిందకే పోయింది. రెండోసారి మోకాలు బాగా మడిచి, ఒంటిని బోటుకి అతుక్కుపోయినట్టు పెట్టి, ముందుకి తన్నకుండా కిందకి నిలువుగా నొక్కాను, తమ్ముడు అప్పటికి అవతలి వైపు కూర్చున్నాడు, బోటు వాలలేదు, పొట్ట అంచు మీదకి వచ్చింది, అలాగే బోర్లా పడి చాలాసేపు లేవలేదు. మొత్తం అరగంట పైనే పట్టి ఉంటుంది. ఛాతీ మీద తోలు లేచిపోయింది, రెండు గోళ్ళు ఊడాయి. ఇంటికెళ్ళి మా అమ్మకి చెప్పలేదు.

ఇందులో నన్ను ఎక్కువ బాధపెట్టే విషయం ఏంటంటే మా నాన్నగారి కాలంలో ఈ ఇబ్బందే లేదు. వాళ్ళది కర్ర తెప్ప. నాలుగైదు దుంగలు తాళ్ళతో కలిపి కట్టేవాళ్ళు, ఒడ్డుకి రాగానే కట్లు విప్పి ఆరబెట్టేవాళ్ళు. దానికి అంచు అనేదే లేదు, నీళ్ళకి జానెడు ఎత్తు కూడా ఉండదు, నీళ్ళు దుంగల మధ్యలోంచి వచ్చి పోతూనే ఉంటాయి. రోజుకి పదిసార్లు పడేవాళ్ళు, పదిసార్లు బోర్లా పాకి ఎక్కేవాళ్ళు, అదొక ప్రమాదం అని ఎవరూ అనుకునేవాళ్ళు కాదు. 2004 సునామీ తర్వాత మా ఊళ్ళో ఫైబర్ బోట్లు వరసగా వచ్చేశాయి. వేగం బావుంది, చేప ఎక్కువ పడుతుంది, ఒళ్ళు తడవదు, ఎవర్నీ వెనక్కి పొమ్మని అనను. కానీ నీళ్ళ నుంచి అంచుకి రెండడుగులు ఎత్తు పెరిగింది, ఆ రెండడుగులు ఎలా ఎక్కాలో మాత్రం బోటుతో పాటు ఎవరూ ఇవ్వలేదు. తెప్ప మీద నేర్చుకున్న ధైర్యంతోనే ఫైబర్ బోటు ఎక్కాం, అలాగే పోతున్నాం.

మొన్నామధ్య పక్క ఊరి కుర్రాడు పోయాడు. వాడి పేరు రాయను, వాళ్ళ ఇంట్లో వాళ్ళు చదువుతారు. ముగ్గురు ఉన్నారు ఆ బోటులో. ఇద్దరూ ఒకే వైపు వచ్చి లాగారు, బోటు వాలింది, భయపడి వదిలారు, మళ్ళీ లాగారు. ఆ ఇద్దరూ ఇప్పటికీ మనుషుల్లో కలవడం లేదు. వాళ్ళ తప్పేం లేదండి, వాళ్ళకి ఎవరు చెప్పారు కనక.

నేను ఒకసారి మత్స్యకారుల భద్రత మీద ఒక శిక్షణకి వెళ్ళాను, పొద్దున్న నుంచి మధ్యాహ్నం వరకూ. లైఫ్ జాకెట్ ఎలా కట్టుకోవాలో చూపించారు, వాతావరణ హెచ్చరికలు చెప్పారు, కోస్ట్ గార్డ్ నంబర్ 1554 గోడ మీద రాయించారు, అన్నీ మంచివే. నీళ్ళలోంచి తిరిగి బోటు ఎలా ఎక్కాలి సార్ అని అడిగితే ఈత వస్తే ఎక్కేయొచ్చు కదా అన్నారు. ఆ చెప్పినాయన చెడ్డవాడు కాదు, ఆయన ఎప్పుడూ పడలేదు అంతే. 2024 ఆగస్టులో దేశం మొత్తం మీద లక్ష బోట్లకి ట్రాన్స్‌పాండర్లు పెట్టే పథకం మొదలైంది, దాన్ని నేను మనస్ఫూర్తిగా స్వాగతిస్తాను, శాటిలైట్ ద్వారా బోటు ఎక్కడుందో తెలుస్తుంది, తుఫాను కబురు బోటుకే వస్తుంది. కానీ బోటు ఎక్కడుందో మాకు తెలుసు, దాని పక్కనే వేలాడుతున్నాం, మాకు కావాల్సింది ఆ ఆఖరి రెండడుగులు.

బయట దేశాల్లో ఈ సంగతి చట్టంలో రాసుకున్నారు. మా మేనల్లుడు చూపించాడు, యూరప్‌లో షికారు బోట్లకి 2013లో చేసిన చట్టం ఉంది, అందులో నీళ్ళలో పడ్డ మనిషి ఎవరి సాయం లేకుండా తనంతట తానే వాడుకోగలిగేలా ఎక్కే ఏర్పాటు బోటుకి ఉండాలని స్పష్టంగా ఉంది. పైనున్నవాడు దించే నిచ్చెన కాదు, నీళ్ళలో ఉన్నవాడి చేతికి అందే నిచ్చెన. ఆ ఒక్క మాటలోనే మొత్తం విషయం ఉంది. అమెరికాలో 2021 ఏప్రిల్ 1 నుంచి 26 అడుగుల లోపు మోటారు బోటు నడిపేవాళ్ళు ఇంజన్ ఆగిపోయే తాడు ఒంటికి తగిలించుకోవాలి, మనిషి పడితే తాడు ఊడి ఇంజన్ ఆగిపోతుంది, బోటు వదిలేసి పోదు, ఫ్యాను మనిషిని కోయదు. అక్కడ సరదాకి తిరిగే బోట్లకే ఇంత ఆలోచిస్తే రోజూ కూటి కోసం పోయే మా బోట్లకి ఎంత ఆలోచించాలి. మా దగ్గర వాడే డీజిల్ ఇంజన్లకి ఎక్కువ భాగం ఆ తాడు ఉండదు, నేను రోజూ వాటినే విప్పుతాను కాబట్టి చెప్తున్నా, కనీసం పెట్రోల్ అవుట్‌బోర్డ్ ఇంజన్లు, అంటే బోటు వెనక బయటికి తగిలించేవి, ఉన్నవాళ్ళు కంపెనీ ఇచ్చిన ఎర్ర తాడుని పీకి డబ్బాలో పడేయకుండా చేతికి తగిలించుకోండి. ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి అయితే దణ్ణం పెట్టి చెప్తున్నా, ఇంజన్ నడుస్తుంటే అంచు మీద నిలబడకండి, మూత్రానికి కూడా అంచు మీద నిలబడొద్దు, కూర్చుని పోయండి.

సరే ఇప్పుడు మా బోటుకి ఏం చేశానో రాస్తాను, ఎవరైనా చేసుకోవచ్చు. బొటనవేలు లావు నైలాన్ తాడు తీసుకున్నాను, నైలాన్ అయితే నీళ్ళలో మునుగుతుంది. కొసన ఒక ఉచ్చు, దానికి మూరెడు పైన ఇంకో ఉచ్చు, రెండు మెట్లలాగా. ప్రతి ఉచ్చుకీ కింద పాదం ఆనే చోట తోటకి నీళ్ళు పెట్టే పైపు ముక్క ఒక అడుగు కోసి తాడు అందులోంచి దూర్చాను, దానివల్ల ఉచ్చు మూసుకుపోకుండా నోరు తెరిచి ఉంటుంది, అరికాలు కోసుకోదు. కింద ఉచ్చుకి వలకి కట్టే సీసం గుళ్ళు నాలుగు కట్టాను, అలలో కూడా కిందకే వేలాడుతుంది. పొడవు ఎంతంటే కింద ఉచ్చు నీళ్ళలో అడుగున్నర లోతుకి రావాలి, అంతకంటే లోతైతే అక్కడ నిలబడ్డా అంచు పైకి రాలేం, పైకి ఉంటే మోకాలు అంత ఎత్తు లేవదు. మా బోటుకి అంచు నుంచి మూడున్నర అడుగులు సరిపోయింది, ఎవరి బోటుకి వాళ్ళు నీళ్ళలో దిగి కొలుచుకోవాలి, ఒడ్డు మీద కొలిస్తే తప్పు వస్తుంది, ఎందుకంటే సామాను, ఐసు, చేప ఎక్కాక బోటు కిందకి దిగుతుంది. దాన్ని వెనక వైపు, ఇంజన్‌కి దూరంగా, గట్టి బల్లకి కట్టి చుట్టచుట్టి అంచు లోపల పెట్టాను, ఒక చిన్న వల బెండు మాత్రం తాడుకి కట్టి అంచు బయటికి వేలాడేశాను. నీళ్ళలో ఉన్నవాడు ఆ బెండు లాగితే చాలు, చుట్ట విడిపోయి ఉచ్చు కిందకి పడుతుంది. బోటులో ఇంకెవరూ లేకపోయినా పని చేయాలి అన్నదే లెక్క. ఇంకో ముక్క తాడు ముడులు వేసి లోపలి వైపు అవతలి అంచు దాకా అడ్డంగా కట్టాను, పొట్ట అంచు మీదకి రాగానే పట్టుకుని లోపలికి పాకడానికి, లేకపోతే అక్కడ పట్టుకోవడానికి నున్నటి ఫైబర్ తప్ప ఏమీ ఉండదు. మొత్తానికి ఒక పూట టిఫిన్ ఖర్చు కూడా కాలేదు, చాలావరకు ఇంట్లో పడున్న సామానే.

తాడు లేనప్పుడు ఎక్కే పద్ధతి కూడా ఉంది, బలం ఉండగానే చేయాలి. నిలువుగా వేలాడకూడదు. అంచు పట్టుకుని చేతులు చాచి, కాళ్ళు వెనక్కి నీళ్ళ పైకి తేల్చి, ఒళ్ళు నీళ్ళ మీద పడుకున్నట్టు చేసి, ఈత కొట్టినట్టు కాళ్ళు టపటపా తన్నుతూ అదే ఊపులో ఛాతీని అంచు మీదకి నెట్టాలి. పైకి లాక్కోవడం కాదు, ముందుకి ఈదడం. కడుపు అంచు మీద ఆనగానే ఆగి ఊపిరి తీసుకుని పక్కకి దొర్లాలి. రెండుసార్లు చేసి రాకపోతే మూడోసారి వెంటనే చేయొద్దు, బోటు పట్టుకుని తేలుతూ రెండు నిమిషాలు ఆగండి, చేతుల్లో ఉన్న బలం మళ్ళీ తొందరగా రాదు.

పైనున్నవాళ్ళకి చెప్పాల్సింది ఇంకా ముఖ్యం. ముందు ఇంజన్ ఆపాలి, న్యూట్రల్ చేశాం కదా అని ఊరుకోకూడదు. ఒకడు మనిషి మీద నుంచి కళ్ళు తీయకుండా వేలు చూపిస్తూనే ఉండాలి, అలల్లో తల అనేది కొబ్బరికాయంత కూడా కనపడదు, ఒక్కసారి చూపు తప్పితే మళ్ళీ దొరకదు. ఖాళీ డీజిల్ క్యాను మూత బిగించి విసరాలి, అది పట్టుకుంటే చాలాసేపు తేలొచ్చు. లాగేవాడు ఒక్కడే లాగాలి, మిగతావాళ్ళు అవతలి వైపు కూర్చోవాలి. లాగేముందు ఒక్కసారి మనిషిని భుజాల దగ్గర పట్టి కొంచెం కిందకి నొక్కి, నీళ్ళు వాణ్ణి పైకి తన్నినప్పుడు ఆ ఊపుతోనే లాగాలి, సగం బరువు నీళ్ళే ఎత్తి పెడతాయి. ఇది మా ఊరి పెద్దాయన ఒకాయన చూపించారు, నీటితో కుస్తీ పట్టకురా, దాని చేత పని చేయించుకో అన్నారు.

లైఫ్ జాకెట్ గురించి కూడా నిజం చెప్పుకోవాలి. మా వాళ్ళు వేసుకోరు, ఉక్కగా ఉంటుంది, వల లాగేటప్పుడు అడ్డం వస్తుంది, పట్టీలు వలలో చిక్కుకుంటాయి. అయినా వేసుకోమనే నేను చెప్తాను, కానీ కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నది కొనండి, ఉంటే కట్టుకోండి. అది లేకపోతే పైనుంచి జాకెట్ పట్టి లాగినప్పుడు జాకెట్ ఒక్కటే చెవుల మీదకి వచ్చేస్తుంది, మనిషి కిందే ఉంటాడు. ముందు భాగం మందంగా ఉండేదైతే అంచు మీదకి ఛాతీ రానివ్వదు, అందుకే జాకెట్ ఉన్నవాడికి కూడా కాలికి ఉచ్చు కావాలి. రెండూ ఉండాలి.

ఇది మా సముద్రం వాళ్ళ గొడవ మాత్రమే అనుకోకండి. గోదావరి లంకల్లో గడ్డి మోపులు, పాల క్యాన్లు వేసుకుని నాటు పడవల మీద దాటే రైతులు, కొల్లేరులో దోనెల మీద తిరిగేవాళ్ళు, రిజర్వాయర్లలో వల వేసేవాళ్ళు, అందరికీ ఇదే. దోనెకి అయితే పక్క నుంచి ఒక్కడే ఎక్కబోతే బోర్లా పడిపోతుంది, ఇద్దరు పడితే చెరో వైపు పట్టుకుని ఒకడు తన వైపు కిందకి నొక్కి ఉంచితే రెండోవాడు ఎక్కాలి, ఒక్కడే అయితే కొస నుంచి పాకాలి. లుంగీ కట్టుకుని పడవ నడిపే అన్నలు దయచేసి లుంగీ మోకాళ్ళ పైకి గట్టిగా కట్టండి లేదా నిక్కరు వేసుకోండి, తడిసిన లుంగీ రెండు కాళ్ళనీ కలిపి కట్టేస్తుంది. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు మునిగిన ఘోరం తర్వాత టూరిస్టు బోట్ల మీద నిబంధనలు గట్టిపడ్డాయి, బాగుంది, ఈ చిన్న పడవల వైపు ఎవరూ చూడలేదు, ఎందుకంటే వీటిలో ఒక్కొక్కరే పోతారు.

నేను అడిగేవి మూడే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ 61 రోజులు వేట నిషేధం, బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, మనుషులు ఖాళీగా ఉంటారు, ఆ రోజుల్లో ప్రతి రేవులో ఒక్క పూట, నడుము లోతు నీళ్ళలో, ఒంటి మీద బట్టలతో, ఎక్కడం నేర్పించమని మత్స్యశాఖ వారిని కోరుతున్నాను, హాల్లో కుర్చీల్లో కూర్చోబెట్టి కాదు. సబ్సిడీ బోట్లు తయారు చేసేవాళ్ళకి వెనక పక్క రెండు కాలి గూళ్ళు, ఒక పట్టుకునే కమ్మీ అచ్చులోనే పోయమని చెప్పాలి, అచ్చులో పోస్తే అదనపు ఖర్చు ఎంత అవుతుంది చెప్పండి. ఇంక మూడోది మీకే అండి. ఇకపైన గల్లంతు వార్త రాసేటప్పుడు మీ విలేకరి ఇంకో ప్రశ్న అడగాలి, పడ్డప్పుడు బోటు ఎంత దూరంలో ఉంది, ఎక్కడానికి దానికి ఏముంది అని. ఆ ఒక్క లైను రోజూ పేపర్లో వస్తుంటే మా రేవులో టీ కొట్టు దగ్గర దాని గురించే మాట్లాడుకుంటారు, నాకు తెలుసు.

మా బోటుకి కట్టిన తాడు ఫొటో ఈ ఉత్తరంతో పాటు పెట్టాను, వీలైతే వేయండి. మా రేవులో ఇప్పటికి పదకొండు బోట్లకి కట్టాం, ఆదివారం పొద్దున్న ఉప్పుటేరు నోటి దగ్గర కుర్రాళ్ళని ఒక్కొక్కణ్ణీ నీళ్ళలో దింపి ఎక్కిస్తున్నాం. పోయినవారం మా తమ్ముడు కావాలని వెనక్కి వాలి నీళ్ళలో పడి, బెండు లాగి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా పైకి వచ్చి కూర్చున్నాడు.

ఇట్లు
ఒక మత్స్యకారుడు, భీమునిపట్నం